'రైస్' ఎక్కడి మాట? వరి, వడ్లు, బియ్యం, అన్నం మధ్య ఒక ఇంగ్లీషు పదం కథ

ఇంగ్లీషులో రైస్ అంటే వరి మొక్క. వడ్లగింజ కూడా రైసే. మిల్లులో ఆడించిన బియ్యమూ రైసే, కంచంలో వడ్డించిన అన్నమూ రైసే. తెలుగులో ఈ నాలుగింటినీ కలిపేసి మాట్లాడితే చిన్న పిల్లలు కూడా నవ్వుతారు. పొలంలో బియ్యం కోశామని ఎవరూ అనరు. కంచంలో వడ్లు పెట్టమని ఎవరూ అడగరు.

అయినా ఈ మాట మన నోళ్లలో ఎప్పుడో స్థిరపడిపోయింది. కవితాళ, సిరివార, మాన్వి, సింధనూరు ప్రాంతంలో తెలుగు కుటుంబాలకు తెలిసిన పెద్ద వ్యాపారం పేరే రైస్ మిల్లు. హోటల్లో టిఫిన్ పేరు రైస్ బాత్. పెళ్లి పంక్తిలో వడ్డించేవాళ్లు కూడా ఈమధ్య 'అన్నం కావాలా' అనడం మాని 'రైస్ కావాలా' అంటున్నారు. వరి పండించడానికే ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు మనవి. మన పంటను పరాయి పేరుతో పిలుస్తున్నామా, లేక ఆ పేరు కూడా ఒకప్పుడు ఈ దేశం నుంచి వెళ్లిందేనా అన్నది అడగదగిన ప్రశ్నే.

'రైస్ అనే మాట మన వరి నుంచే పుట్టింది' అని ఫోన్లలో ఒక సందేశం అప్పుడప్పుడూ తిరుగుతుంది. తమిళులకు వచ్చే సందేశంలో వరి స్థానంలో అరిసి ఉంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత తొందరపాటు ఉంది.

ఇంగ్లండుకు చేరిన దారి

ఇంగ్లీషు రాతల్లో ఈ మాట 13వ శతాబ్దంలో కనిపిస్తుంది. అది పాత ఫ్రెంచి 'రిస్' నుంచి వచ్చింది. ఫ్రెంచివారికి ఇటలీ నుంచి అందింది. ఇటలీలో ఇప్పటికీ దాన్ని 'రీసో' అంటారు. దానికి ముందు లాటిన్ 'ఒరైజా', ఇంకా ముందు గ్రీకు 'ఒరూజా'. వరికి శాస్త్రజ్ఞులు వాడే పేరు ఒరైజా సటైవా. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో ఆ పేరు పెట్టినప్పుడు తీసుకున్నది ఈ పాత మాటనే. సటైవా అంటే విత్తి పండించేది అని.

గ్రీకులకు వరి గురించి బాగా తెలిసింది అలెగ్జాండర్ దండయాత్ర కాలంలో. క్రీ.పూ. 326 నాటికి అతని సైన్యం పర్షియా దాటి పంజాబు నదుల దాకా వచ్చింది. ఆ దండుతో వచ్చిన అరిస్టోబులస్ అనే గ్రీకు రచయిత, ఈ పంట కట్టలు కట్టిన మళ్లలో, నిలవ నీటిలో పెరుగుతుందని రాశాడు. అతని మాటల్ని తర్వాత స్ట్రాబో తన భూగోళ గ్రంథంలో ఎక్కించాడు. ఎండు నేలల్లో గోధుమ, బార్లీ పండించే దేశం నుంచి వచ్చినవాడికి నీళ్లలో నిలబడిన పైరు వింతగా తోచి ఉంటుంది.

గ్రీకులకు ఈ మాట ఎవరి నోటి నుంచి అందింది? భాషా చరిత్రకారుల్లో ఎక్కువమంది చెప్పేది ఇరాన్ వైపు భాషల నుంచి అని. ఆఫ్ఘనిస్తాన్‌లో మాట్లాడే పష్తోలో బియ్యాన్ని 'వ్రిజే' అంటారు. పారసీలో 'బెరెంజ్', టర్కీలో 'పిరించ్'. ఈ మాటలన్నీ ఒక గూటివే. సంస్కృతంలో వీటి చుట్టం 'వ్రీహి'. ఈ మాట ఋగ్వేదంలో లేదు, అథర్వ వేదంలో యవలతో పాటు కనిపిస్తుంది. వరి సాగు తెలిసిన ప్రాంతాలకు వచ్చాకే ఆ మాట సంస్కృతంలో చేరిందని పండితులు అనుకోవడానికి ఇది ఒక కారణం.

అరబ్బులు దాన్ని 'రుజ్' అన్నారు, ముందు 'అల్' చేర్చి పలికారు. అరబ్బుల ఏలుబడిలో ఉన్న స్పెయిన్‌లో వరి సాగు మొదలైంది, దాంతో అక్కడ మాట 'అర్రోస్' అయింది. అంటే యూరప్‌లోనే దీనికి రెండు దారులున్నాయి. గ్రీకు, లాటిన్ దారిలో వచ్చింది ఇంగ్లీషు రైస్. అరబ్బీ దారిలో వెళ్లింది స్పానిష్, పోర్చుగీసు మాట.

వరి, అరిసి సంగతి

రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం అచ్చువేసినప్పుడు, గ్రీకు మాట తమిళ అరిసి నుంచే వెళ్లిందని రాశాడు. అప్పట్లో అది నమ్మదగిన మాటగానే ఉండేది. దక్షిణ తీరం నుంచి ఓడలు ఎర్ర సముద్రం వైపు వెళ్లేవి, మిరియాలు వెళ్లేవి, బియ్యమూ వెళ్లేవి. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, గ్రీకు రోమన్ ఓడలు మన దక్షిణ తీరానికి పెద్ద ఎత్తున రావడం మొదలయ్యే నాటికే ఈ మాట గ్రీకులో ఉంది. అలెగ్జాండర్ తరం వాడైన థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్ర గ్రంథంలో దాన్ని వాడాడు. రెండోది, గ్రీకు మాటలోని 'జ' శబ్దం అరిసి కంటే ఇరాన్ వైపు మాటలకే బాగా దగ్గర.

మరి మన వరి? ఇక్కడ విషయం ఇంకా రసవత్తరం. ద్రావిడ భాషల నిఘంటువులో తెలుగు వరి పక్కన గోండి మాట 'వంజి' ఉంటుంది. పర్జీ, గదబ భాషల మాటలూ ఉంటాయి. వాటన్నిటిలోనూ చివర ఒక 'చ' లేదా 'జ' ధ్వని ఉంది. తెలుగులో అది రాలిపోయింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వంటివారు ఈ రూపాలన్నిటినీ పోల్చి, మూల ద్రావిడంలో ఈ మాట ఇంచుమించు 'వరించి' అన్నట్టు ఉండేదని తేల్చారు. వరించి, వ్రీహి, వ్రిజే, బెరెంజ్ అని వరసగా పలికి చూడండి. పోలిక కాకతాళీయం అనిపించదు.

పోలిక ఉన్నంత మాత్రాన ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో తేలిపోదు. ద్రావిడం నుంచే ఉత్తరాది భాషల్లోకి వెళ్లిందని కొందరు పండితులు అంటారు. ఇప్పుడు జాడ లేకుండా పోయిన ఏదో మూడో భాష నుంచి రెండు కుటుంబాలూ తీసుకున్నాయని మరికొందరు అంటారు. కాబట్టి 'రైస్ తెలుగు మాట' అనడం సరికాదు. 'ఇంగ్లీషు రైస్, తెలుగు వరి దూరపు చుట్టాలు కావడానికి బలమైన ఆస్కారం ఉంది' అంటే సరిపోతుంది. ఆ మాటా తక్కువదేమీ కాదు.

ఒకే మాట ఎందుకు సరిపోయింది?

ఇంగ్లండులో వరి పండదు. మధ్యయుగంలో అక్కడి దొరల ఇళ్లకు బియ్యం మిరియాలు, దాల్చినచెక్క లాగా ఖరీదైన దిగుమతి సరుకుగా వచ్చేవి. అప్పటికే ఊక పోయి, సంచుల్లో చేరి, ఓడెక్కి వచ్చిన గింజలే వాళ్లకు తెలుసు. నారుమడి తెలియదు, కంకి తెలియదు, నూర్పిడి తెలియదు. చూసిన సరుకు ఒకటే కాబట్టి మాటా ఒకటే అయింది.

పంట పండించేవాళ్ల భాషలు అలా ఉండవు. తమిళంలో నెల్లు, అరిసి, సోరు. కన్నడంలో భత్త లేదా నెల్లు, అక్కి, అన్న. బెంగాలీలో ధాన్, చాల్, భాత్. మలయ్ భాషలో పాది, బెరాస్, నాసి. జపనీయులకు కూడా పైరుకు ఇనె, బియ్యానికి కొమె, అన్నానికి గోహన్ అని వేరువేరు మాటలున్నాయి. బెంగాలీ మాటలు వినడానికి మనం కలకత్తా దాకా వెళ్లనక్కర్లేదు. సింధనూరు పక్కన తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలకు పునరావాసం కల్పించిన ఆర్.హెచ్. క్యాంపులున్నాయి. అక్కడి ఇళ్లలో ఈ మూడు మాటలూ రోజూ వినిపిస్తాయి.

ఇంగ్లీషువాళ్లు వ్యాపారానికి తూర్పు దేశాలకు వచ్చి, పైరును కళ్లారా చూసి, ఊకతో ఉన్న గింజను కొనాల్సి వచ్చాక రైస్ ఒక్కటీ చాలలేదు. అప్పుడు వాళ్లు తెచ్చుకున్న మాటే ప్యాడీ.

ప్యాడీలో కన్నడ పాలు

ప్యాడీ మలయ్ మాట 'పాది' నుంచి వచ్చిందని నిఘంటువులన్నీ చెబుతాయి. అది నిజమే. కానీ ఇక్కడే కర్ణాటకలో ఉన్నవాళ్లు ఒక క్షణం ఆగాలి. ఆంగ్లేయుల కాలంలో ఈ దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాయో వివరించే 'హాబ్సన్-జాబ్సన్' అనే పెద్ద నిఘంటువు 1886లో వచ్చింది. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ దాన్ని తయారుచేశారు. ప్యాడీకి రెండు పుట్టుకలు ఉన్నట్టుందని అందులో రాశారు. పశ్చిమ తీరంలోని ఇంగ్లీషువాళ్లు వడ్లను 'బాటీ' అనేవారనీ, అది కన్నడ భత్త అనీ, మలయ్ పాది ఇంగ్లీషులో అంత గట్టిగా నిలబడడానికి ఈ కన్నడ మాట సాయపడి ఉంటుందనీ వాళ్ల అభిప్రాయం. అంటే మార్కెట్ యార్డు బోర్డు మీద కన్నడంలో భత్త అని రాసి, కింద ఇంగ్లీషులో ప్యాడీ అని రాస్తే, ఆ రెండూ పూర్తిగా పరాయివి కాకపోవచ్చు.

భత్త కథ అక్కడితో ఆగదు. దాని మూలం సంస్కృత 'భక్త' అయి ఉంటుందని అదే నిఘంటువు అంటుంది. భక్త అంటే పంచి ఇచ్చిన వాటా, దాని నుంచి భోజనం, దాని నుంచి ఉడికించిన అన్నం. దేవుడి భక్తుడిలో ఉన్నదీ ఆ ధాతువే. ఒకే మాట ప్రాంతం మారేసరికి అర్థం మార్చుకుంది. హిందీ, బెంగాలీలకు భాత్ అంటే వండిన అన్నం. మరాఠీలో అన్నానికీ పైరుకూ కూడా వాడతారు. కన్నడంలో భత్త అంటే పొట్టుతో ఉన్న గింజ, అసలు వండనిది. సింధనూరు సంతలో ఒక బెంగాలీ రైతూ ఒక కన్నడ రైతూ ఈ ఒక్క మాట మీద తికమకపడితే తప్పు ఇద్దరిదీ కాదు.

లారీ డ్రైవర్లు, క్లీనర్లు రోజువారీ ఖర్చుకు తీసుకునే 'బత్తా' కూడా ఈ కుటుంబంలోదే కావచ్చు. ఆంగ్లేయుల సైన్యంలో జీతం మీద ఇచ్చే అదనపు డబ్బును బత్తా అనేవారు. కూటి ఖర్చుగా ఇచ్చే ధాన్యం పేరే డబ్బుకు పేరయిందని, కన్నడ భత్త పోర్చుగీసు నోటి మీదుగా ఇంగ్లీషుకు వెళ్లిందని హాబ్సన్-జాబ్సన్ వివరణ. గంజి కూడా ఇలాగే ప్రయాణం చేసింది. తమిళ కంజి పోర్చుగీసువారికి 'కాంజా' అయింది, ఇంగ్లీషులో 'కాంజీ' అయింది. ఈరోజు చైనా హోటళ్ల ఇంగ్లీషు మెనూల్లో బియ్యపు జావకు ఉండే పేరు అదే. పాత ఇంగ్లీషు పటాలాల్లో తప్పు చేసిన సిపాయిల్ని పెట్టే కొట్టును 'కాంజీ హౌస్' అనేవారు. లోపల దొరికే తిండి అదే మరి.

ఇక కర్ణాటక హోటళ్ల రైస్ బాత్. బాత్ అంటే భాత్, అంటే అన్నం. రైస్ అంటే అన్నం. కాబట్టి రైస్ బాత్ అంటే అన్నం అన్నం. రెండు మాటలూ ఈ దేశంతో చుట్టరికం ఉన్నవే, వేరువేరు దారుల్లో తిరిగి ఒకే ప్లేటులో కలిశాయి. బిసిబేళె బాత్‌లో అన్నం ఉంటుంది. ఖారా బాత్‌లో మాత్రం మెతుకు కూడా ఉండదు, అది మన ఉప్మా. అక్కడ బాత్ అంటే అన్నం అన్న సంగతి హోటల్ భాష పూర్తిగా మరిచిపోయింది.

మన ఇళ్లలో ఎవరి మాట వాళ్లది

ఈ ప్రాంతపు తెలుగువాళ్లందరూ ఒకే చోటు నుంచి రాలేదు. మాట్లాడే తీరును బట్టి చాలావరకు పోల్చుకోవచ్చు. గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు మూలాలున్న ఇళ్లలో నూర్చిన పంటను 'ధాన్యం' అంటారు. 'ఎన్ని బస్తాల ధాన్యం అయింది' అనే అడుగుతారు. రాయలసీమ, తెలంగాణ మూలాలున్న ఇళ్లలో అది 'వడ్లు', వాడుకలో 'ఒడ్లు'. వరి అనే మాట అందరికీ ఉంది కానీ అది పైరుకే ఎక్కువ. ఇక్కడి కన్నడ రైతు నోట నెల్లు వినిపిస్తుంది, కన్నడ పేపర్లో భత్త కనిపిస్తుంది. నెల్లూరు పేరులో ఉన్నది ఈ నెల్లే అని కొందరంటారు, కాదు నెల్లి, అంటే ఉసిరి చెట్టు అని మరికొందరంటారు. ఆ తగువు ఇప్పట్లో తేలేది కాదు.

క్యాంపుల్లో పుట్టి, కన్నడ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివే పిల్లలకు ఈ తేడాలు ఇంట్లో వింటేనే తెలుస్తాయి. ఇంగ్లీషు పాఠంలో వరి పొలం బొమ్మకూ రైసే, అన్నం గిన్నె బొమ్మకూ రైసే. కన్నడ పాఠంలో భత్త, అక్కి, అన్న నేర్చుకుంటారు కాబట్టి ఆ మేరకు నయమే. తెలుగు మాటలు మాత్రం బడిలో దొరకవు. ఊక, తవుడు, నూకలు, చిట్టు అన్న మాటలు మిల్లు దగ్గర పెరిగిన పిల్లలకు తెలిసినట్టు పట్నంలో చదివే పిల్లలకు తెలియకపోవడం ఆశ్చర్యం కాదు. ఇంగ్లీషులో వీటన్నిటికీ రైస్ పక్కన ఇంకో మాట తగిలించాల్సిందే.

అన్నం అంటే ఏది?

అన్నం అనే మాటకు మొదట బియ్యంతో సంబంధం లేదు. సంస్కృతంలో 'అద్' అంటే తినడం. అన్నం అంటే తినేది, తిండి. ధాన్యం అంటే ఏ గింజయినా ధాన్యమే. వరి రాజ్యమేలిన చోట ఈ రెండు మాటలూ వరి సొంతమైపోయాయి. ఇంగ్లీషులోనూ ఇలాంటిదే జరిగింది. కార్న్ అంటే ఒకప్పుడు ఏ గింజయినా కార్నే. ఇంగ్లండు రైతుకు అది గోధుమ, అమెరికా వెళ్లాక మొక్కజొన్న. మీట్ అంటే పాత ఇంగ్లీషులో తిండి అని మాత్రమే అర్థం. ఏ పంట ఎక్కువ తింటే ఆ పంట సామాన్య నామాన్ని లాగేసుకుంటుంది.

రాయచూరు ప్రాంతంలో వరికి ఆ హక్కు మొదటి నుంచీ లేదు. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న ఈ అంతర్వేది ఎండు నేల. లింగసుగూరు తాలూకా పిక్లిహాళ్‌లో 1950లలో ఆల్చిన్ తవ్వకాలు జరిపి నవీన శిలాయుగపు ఊరిని బయటపెట్టాడు. ఆ కాలపు దక్కను రైతులు ప్రధానంగా పండించింది చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు అని తర్వాతి విత్తనాల పరిశోధనలు చెబుతున్నాయి. వరి చాలా ఆలస్యంగా వచ్చింది. మొన్నమొన్నటి దాకా ఇక్కడి ఇళ్లలో రోజువారీ తిండి జొన్న రొట్టే. తెలుగులో కూడా మెట్ట ప్రాంతాల పెద్దవాళ్లు ఉత్త 'అన్నం' అనేవాళ్లు కాదు. జొన్నన్నం, కొర్రన్నం, వరన్నం అని విడదీసి చెప్పేవాళ్లు. వరన్నం పండగ పూట తిండి. ఏ గింజ అన్నమో చెప్పాల్సిన అవసరం ఎప్పుడు పోయిందో, అప్పుడే జొన్న ఓడిపోయినట్టు లెక్క.

ఈ జిల్లాలో ఆ మార్పు తెచ్చింది తుంగభద్ర కాల్వ. హొసపేట దగ్గర ఆనకట్ట పనిని 1945లో హైదరాబాద్ సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టాయి. 1953 నాటికి ఆనకట్ట సిద్ధమైంది. రాయచూరు అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది, 1956 నవంబర్ 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఎడమ కాల్వ కింద నీళ్లు పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల నుంచి వరి తెలిసిన రైతులు వచ్చారు. భూములు కొన్నారు, చదును చేశారు, గుడిసెలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. ఈ చరిత్ర మన పాఠకులకు ఇంట్లో పెద్దల నోట తెలిసిందే.

అంతగా తెలియనిది కాగితం మీద ఉన్న ఒక మాట. ఎడమ కాల్వను రూపొందించింది ప్రధానంగా వరి కోసం కాదు. ఎక్కువ ఎకరాలకు తక్కువ నీళ్లు ఇచ్చి, జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలను కరువు నుంచి కాపాడాలన్నది అసలు ఆలోచన. ఏ సర్వే నంబరులో ఏ పంటకు నీళ్లు ఇవ్వాలో ముందే నిర్ణయించి రాశారు. ఆ జాబితాలో వరికి కేటాయించింది కొద్ది భాగమే. వరి అని రాసిన నేలలోనూ, రాయని నేలలోనూ వరే నాటారు. కాల్వ ఎగువన ఉన్నవాళ్లకు నీళ్లు అందాయి, దిగువన మాన్వి, రాయచూరు వైపు చివరి భూములకు అందని ఏళ్లు చాలా ఉన్నాయి. డచ్చి పరిశోధకుడు పీటర్ మోలింగా ఈ కాల్వ మీద ఏళ్ల తరబడి పనిచేసి ఒక పుస్తకమే రాశాడు. ఇందులో ఎగువ రైతుల్లో మనవాళ్లు ఎక్కువమంది ఉన్నారన్నది దాచేది కాదు. చివరి భూముల్లోనూ మనవాళ్లున్నారన్నదీ నిజమే. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు రెండు వైపులవాళ్లకూ భయం ఒకేలా పట్టుకుంది.

వరి కంచంలో స్థిరపడ్డాక అన్నం అనే మాట ప్రభుత్వ పథకాల పేరూ అయింది. కర్ణాటకలో 2013 జులైలో మొదలైన అన్నభాగ్య కింద ఇచ్చేది ప్రధానంగా బియ్యం. 2023లో అదనంగా ఇస్తామన్న 5 కిలోలకు బియ్యం దొరక్క, కిలోకు 34 రూపాయల లెక్కన 170 రూపాయలు ఖాతాలో వేశారు. అన్నం డబ్బుగా మారిన ఆ కాలంలో, వెనుక చెప్పిన బత్తా కథ గుర్తుకు రాక మానదు.

సోనా మసూరి పేరులో ఎవరున్నారు?

రాయచూరు, సింధనూరు, గంగావతి పేర్లతో సంచుల మీద అమ్ముడయ్యే బియ్యం చాలావరకు సోనా మసూరి. ఇందులో మసూరి మళ్లీ మలయా నుంచి వచ్చిందే. మహ్సూరి అక్కడి లంకావి దీవి కథల్లోని ఒక స్త్రీ పేరు. చేయని తప్పుకు శిక్ష పడిన మహా ఇల్లాలిగా ఆమెను చెప్పుకుంటారు. మలేసియాలో 1965లో విడుదల చేసిన వరి వంగడానికి ఆమె పేరు పెట్టారు. జపాన్ రకం వరినీ, అక్కడి స్థానిక రకాన్నీ కలిపి తయారుచేసిన వంగడం అది.

బాపట్లలో ఆ మహ్సూరిని తీసుకుని కొత్త రకాలు తయారుచేశారు. సోనా అనే రకంతో కలిపితే బీపీటీ 3291 వచ్చింది, అదే అసలు సోనా మహ్సూరి. 1986లో విడుదలైన సాంబా మహ్సూరి, అంటే బీపీటీ 5204, ఇంకా పేరు తెచ్చుకుంది. దాని తాతల్లో కోయంబత్తూరులో వంద ఏళ్ల కిందట ఎంపిక చేసిన జీఈబీ 24 ఉంది. బీపీటీ అంటే బాపట్లే. అంటే కోస్తా నుంచి రైతులు మాత్రమే రాలేదు, విత్తనమూ అక్కడి నుంచే వచ్చింది. వ్యాపారంలో ఈ రెండు రకాలకూ, వాటిని పోలిన ఇంకొన్ని సన్న రకాలకూ కలిపి సోనా మసూరి అన్న ఒకే పేరు నడుస్తోంది. ఇంగ్లీషు రైస్ చేసిన పనినే మన సంచి మీది పేరూ చేస్తోందన్నమాట.

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలో భారతీయ దుకాణాల ముందు జనం బారులు తీరిన దృశ్యాలు అందరూ చూశారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ, వెతికింది సోనా మసూరి సంచుల కోసం. ఆ నిషేధం 2024 సెప్టెంబర్ చివర్లో తొలగింది.

రైస్ ధరా, వడ్ల ధరా?

రైస్ అన్న ఒక్క మాట వల్ల మనకు నేరుగా నష్టం కలిగే చోటు ధరల వార్త. టీవీలో 'రైస్ ధర పెరిగింది' అని వస్తుంది. అది మిల్లు గేటు దాటిన బియ్యం ధరో, యార్డులో వడ్ల ధరో ఆ మాటలో తెలియదు. రెండూ ఒకేసారి పెరగాలన్న నియమం లేదు. కోత కాలంలో యార్డులో వడ్లు పడిపోయి, అదే వారం పట్నంలో బియ్యం పెరిగిన సందర్భాలు రైతులకు కొత్త కాదు.

కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర ప్యాడీకి, అంటే వడ్లకు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. మన యార్డుల్లో మాత్రం లెక్క 75 కిలోల సంచి మీద నడుస్తుంది. సంచి ధర చెప్పినప్పుడు దాన్ని 3తో భాగించి 4తో గుణిస్తే క్వింటాలు ధర వస్తుంది. మద్దతు ధర ప్రకారం సాధారణ రకం సంచికి సుమారు 1,777 రూపాయలు, ఏ గ్రేడు సంచికి సుమారు 1,792 రూపాయలు పడాలి.

వడ్ల నుంచి ఎన్ని బియ్యం రావాలో కూడా ప్రభుత్వానికి ఒక లెక్క ఉంది. సేకరించిన వడ్లను మిల్లు ఆడించి ఇచ్చేటప్పుడు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. అంటే 75 కిలోల సంచికి సుమారు 50 కిలోల బియ్యం. తవుడు, ఊక వేరు. తవుడు నూనె మిల్లుకు పోతుంది, ఊక బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోతుంది, రెండింటికీ ధర ఉంది. బియ్యం కిలో ధర విని సంచి ధర అంచనా వేసుకునేవాళ్లు ముందుగా ఆ ధరను 50తో గుణించి, అందులోంచి మిల్లు ఆడింపు, రవాణా, సంచి ఖర్చు తీసి, తవుడు, ఊక ధర కలిపి చూసుకోవాలి. తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు సేకరణ కేంద్రాల్లో తీసుకోరు కాబట్టి ఆ లెక్క ఆరబెట్టిన వడ్లకే వర్తిస్తుంది.